డ్యూటీ చార్టు చూసి కోర్సు ఎంచుకో

ప్రశ్న: ఇంటర్ బైపీసీ అయిపోయింది. నీట్ రెండోసారి రాసినా సీటొచ్చే ర్యాంకు రాలేదు. మూడేళ్లుగా జిమ్‌కి వెళ్తున్నాను, ఇప్పుడు 68 కిలోలున్నాను. ఎప్పటికైనా బాడీబిల్డింగ్ పోటీల్లో స్టేజీ ఎక్కాలని గట్టి కోరిక. నాన్నకి మెడికల్ షాపు ఉంది, బీఫార్మసీ చేసి అది చూసుకోమంటున్నారు. అమ్మేమో నర్సింగ్ అయితే వెంటనే ఉద్యోగం వస్తుందంటోంది. నా మనసు ఫిజియోథెరపీ మీద ఉంది. జీతం కాస్త తక్కువైనా పర్వాలేదు, జిమ్‌కి టైం దొరకాలి. ఏది చదవమంటారు?
– పేరు వద్దన్న పాఠకుడు, తెనాలి

జవాబు: తమ్ముడూ, "జిమ్‌కి టైం దొరకాలి" అన్న మాట కింద ఎర్ర పెన్నుతో గీత గీసి మరీ పంపావు. ముందు ఆ మాట సంగతే చూద్దాం. జిమ్‌కి పట్టే టైం నువ్వనుకున్నంత ఎక్కువేం కాదు. వారానికి నాలుగైదు రోజులు, రోజుకి గంటంబావు. ఒక్కో కండరానికి వారంలో రెండుసార్లు పని చెబితే సరిపోతుంది. వెరసి ఐదారు గంటలు. ఆ మాత్రం టైం హౌస్ సర్జన్ కూడా ఎలాగోలా చూసుకుంటాడు. అతనికి దొరకనివి నిద్ర, వేళకి తిండి. బరువులెత్తి ఇంటికొచ్చి, తిని, కంటినిండా పడుకుంటేనే ఒంటికి కండ పడుతుంది. అందుకని ఏ ఉద్యోగం గురించి విన్నా రోజుకి ఎన్ని గంటలని అడగకు. రోజూ ఒకే వేళకి మొదలై ఒకే వేళకి అవుతుందా, నైట్లు ఉంటాయా అని అడుగు. పది గంటల పనైనా వేళ మారకపోతే ఒళ్లు అలవాటు పడుతుంది. ఎనిమిది గంటలే అయినా ఒక వారం పగలు, ఒక వారం రాత్రి అయితే ఎన్నేళ్లయినా అలవాటు పడదు.

ఇది నేను పడి తెలుసుకున్నాను. బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ అవగానే ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో ఐసీయూ ఫిజియోగా చేరాను. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకి ఛాతీలో కఫం కదిలించడం, మంచం మీదే కాళ్లూ చేతులూ ఆడించడం, కాస్త తేరుకున్నవాళ్లని లేపి కూర్చోబెట్టడం మా పని. ఆ ఏడాది 75 కిలోల విభాగంలో రాష్ట్ర స్థాయి పోటీకి తయారవుతున్నాను. ఇంకా ఇరవై రోజులుందనగా నైట్ డ్యూటీలు వేశారు. మార్చమంటే మనుషులు లేరన్నారు. రాత్రి మూడింటికి పాంట్రీలో స్టీలు డబ్బా తెరిచేవాణ్ణి. సాయంత్రం ఉడకబెట్టుకున్న ఆరు గుడ్లు, ఉప్పు లేని చికెన్ ముక్కలు, బీన్స్. ఏసీకి గుడ్లు చల్లబడి రబ్బరులా సాగేవి. ఎంత నమిలినా గొంతు దిగకపోతే నీళ్లు తాగి మింగేవాణ్ణి. పొద్దున తొమ్మిదికి రూముకొచ్చి పడుకుంటే పక్కవాటాలో కుక్కర్ విజిల్స్, కింద వీధిలో కూరగాయల బండి కేకలు. నాలుగు గంటలు నిద్ర పడితే గొప్ప. పోటీ రోజున స్టేజీ మీద నిలబడ్డాను గానీ కండ చదునుగా, నడుం చుట్టూ నీరు పట్టినట్టుగా ఉంది. జడ్జీలు మొదటి వరసలోకి పిలిచినవాళ్లలో నా నంబరు లేదు.

దానికి బాధపడ్డాను, కొన్నాళ్లకి మర్చిపోయాను. మర్చిపోలేనిది ఇంకోటుంది. ఆ రోజుల్లోనే ఒక తెల్లవారుజామున ఓ పెద్దాయన్ని మంచం అంచున కూర్చోబెడుతున్నాను. ఆయన యూరిన్ బ్యాగు మంచానికి అవతలి పక్క తగిలించి ఉంది. నేను చూసుకోలేదు. సిస్టర్ గట్టిగా అరిచి ట్యూబు పట్టుకుంది కాబట్టి సరిపోయింది, లేకపోతే లాక్కుపోయేది. అన్నం మానేసి, నిద్ర లేక, బుర్ర మొద్దుబారిన మనిషిని రోగి దగ్గర నిలబడ్డాను. అది నా తప్పు. ఆ తర్వాత ఏ పోటీకైనా ఆఖరి మూడు వారాలు సెలవు దొరికితేనే దిగాను, దొరకకపోతే ఆ ఏడాది మానుకున్నాను. నువ్వు ఏ కోర్సు చదివినా ఈ ఒక్కటీ పాటిస్తానని నాకు మాటివ్వాలి.

ఇక కోర్సులు. అమ్మ చెప్పింది నిజమే, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు చదివితే ఉద్యోగానికి కొదవ లేదు. కానీ చేరిన కొత్తలో చాలా ఏళ్లు షిఫ్టులు తప్పవు. స్టేజీయే నీ లక్ష్యమైతే నీకు ఇది నేను చెప్పను.

నాన్న మాటని మాత్రం తేలిగ్గా తీసెయ్యకు. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి పది దాకా షాపు, ఇంక జిమ్ ఎక్కడ అని నీ భయం. అయితే షటర్ తాళం మీ చేతిలోనే ఉంటుంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మెడికల్ షాపులో బేరం ఎలా ఉంటుందో నాకంటే నీకే బాగా తెలుసు. నువ్వూ నాన్నా పూటలు పంచుకుంటే వేడన్నం ఇంటి నుంచే వస్తుంది, రాత్రి పడక రోజూ ఒకే వేళకి. నాకు తెలిసినవాళ్లలో ఇరవై ఏళ్లు ఆపకుండా కండ నిలబెట్టుకున్న మనిషి ఒక మెడికల్ షాపు యజమానే. అదే బీఫార్మసీతో జడ్చర్ల వైపో పరవాడ వైపో మందుల ఫ్యాక్టరీలో ప్రొడక్షన్‌లో చేరితే కథ వేరు, అక్కడ ఏ, బీ, సీ షిఫ్టులు తిరుగుతూ ఉంటాయి.

ఫిజియోథెరపీ నాకు అన్నం పెట్టిన వృత్తి కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. చదువు నాలుగున్నరేళ్ల నుంచి ఐదేళ్లు, ఇంటర్న్‌షిప్‌తో కలిపి. 2021లో ఫిజియోథెరపీ లాంటి అనుబంధ వైద్య వృత్తులకి కలిపి కేంద్రం చట్టం చేశాక సిలబస్, అడ్మిషన్ పద్ధతులు మారుతున్నాయి, కాబట్టి సీనియర్లు చెప్పింది వినకుండా ఈ ఏడాది నోటిఫికేషన్ నువ్వే చదువుకో. మొదట్లో జీతం చాలా తక్కువ. గుడ్లు, చికెన్ ఖర్చుకి ఇంట్లో చెయ్యి చాపాల్సి రావచ్చు. మోకాలు మార్పిడి చేయించుకున్నవాళ్ల ఇళ్లకి వెళ్లి ఎక్సర్‌సైజులు చేయించడం మొదలుపెట్టాకే నాకు నాలుగు రాళ్లు మిగిలాయి.

వేళల సంగతికొస్తే, సొంత క్లినిక్ పెట్టుకున్న ఫిజియోకి పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట, సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది. రోగులు వచ్చేది అప్పుడే. అందరూ జిమ్‌కి వెళ్లే వేళల్లో నువ్వు వెళ్లలేవు. కానీ మధ్యాహ్నం నాలుగు గంటలు పూర్తిగా నీవే. పదిహేడేళ్లుగా నేను రెండున్నరకి జిమ్‌కి వెళ్తున్నాను. స్క్వాట్ ర్యాక్ కోసం ఎదురుచూసే పని ఉండదు, డంబెల్స్ అన్నీ వాటి చోట వాటికే ఉంటాయి. ఒంటిగంటకి అన్నం, మూడున్నరకి గుడ్లు, అరగంట కునుకు, ఐదుకి క్లినిక్.

కష్టం కూడా విను. రోజుకి పన్నెండు మందికి చేత్తో మెడలూ నడుములూ సర్దితే ముంజేతులు, బొటనవేళ్లు అరిగిపోతాయి. అలాంటి రోజు నేల మీది బరువు లేపే డెడ్‌లిఫ్ట్ పెడితే పట్టు జారుతుంది. నేను వీపు వర్కవుట్ ఆదివారానికి మార్చుకున్నది అందుకే. లాభమేంటంటే అనాటమీ నీ ఒంటి మీదే నేర్చుకుంటావు. మెడ వెనక్కి బార్ దించి షోల్డర్ ప్రెస్ చేసే అలవాటు నాకు ఎనిమిదేళ్లు ఉండేది. భుజంలో సుప్రాస్పైనేటస్ అనే కండరం ఎక్కడ నలుగుతోందో చదువుకున్నాకే ఆపాను, నొప్పి కూడా పోయింది.

మిగతావి క్లుప్తంగా చెప్తాను. ఆప్టోమెట్రీ నాలుగేళ్లు, కళ్లద్దాల పరీక్ష పని, నైట్లు దాదాపు ఉండవు. దాని గురించి మన పిల్లలకి తెలియక వెళ్లడం లేదు. ల్యాబ్ టెక్నీషియన్‌కి పరగడుపు శాంపిళ్ల కోసం పొద్దున ఆరున్నరకే వెళ్లాలి, చిన్న డయాగ్నస్టిక్ సెంటరైతే మధ్యాహ్నానికి ఖాళీ. డయాలసిస్‌లో ఒక్కో రోగికి నాలుగు గంటలు, మిషన్ మధ్యలో వదిలి కదలడానికి లేదు. తిండి వేళ తప్పేది అక్కడే. డాక్టర్ కావాలన్న ఆశ ఇంకా ఉంటే, ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, పీజీ మూడేళ్లు, ఆ ఎనిమిదిన్నరేళ్లూ కండ నిలబెట్టుకుంటే చాలనుకోవాలి. తర్వాత చర్మ వ్యాధులో పాథాలజీయో అయితే వేళలు నీవే. 1976లోనూ 1981లోనూ బాడీబిల్డింగ్‌లో అతి పెద్ద పోటీ మిస్టర్ ఒలింపియా గెలిచిన ఫ్రాంకో కొలంబు కైరోప్రాక్టర్, అంటే వెన్నెముకా కీళ్లూ చేత్తో సరిచేసే వృత్తి. రెండూ ఒక మనిషికి కుదురుతాయి.

నా ఓటు బీపీటీకి, రెండోది నాన్న షాపుకి. ఫీజు కట్టేముందు తెనాలిలోనే ఏదైనా ఫిజియో క్లినిక్‌లో అనుమతి అడిగి పొద్దున్నుంచి రాత్రి దాకా ఒక రోజు కూర్చో. పక్షవాతం వచ్చిన మనిషిని పదో రోజు కూడా అదే ఓపికతో నడిపించడం చూశాక కూడా నీ మనసు అక్కడే ఉంటే చేరిపో. తిండి మాత్రం ఇప్పుడే మొదలుపెట్టు. కిలోకి 1.6 నుంచి 2.2 గ్రాముల ప్రొటీన్ అంటే నీకు రోజుకి దాదాపు 110 నుంచి 150 గ్రాములు. ఆరు గుడ్లకి 36, పావుకిలో చికెన్‌కి 50 దాకా, 50 గ్రాముల మీల్‌మేకర్‌కి 26, పప్పు, పెరుగు, పాలు మిగతాది. డబ్బా పౌడర్ లేకుండానే లెక్క సరిపోయింది చూశావా.

ప్రశ్న: నేను స్టాఫ్ నర్సుని, 27 ఏళ్లు. మూడేళ్లుగా వెయిట్స్ చేస్తున్నాను. నెలకో వారం నైట్స్ పడతాయి, ఆ వారంలో అంతకుముందు చేసిందంతా పోతోంది. ఈ మధ్య డైట్ బాగా తగ్గించాను, నాలుగు నెలలుగా పీరియడ్స్ రావడం లేదు. చేతులు మగపిల్లాడిలా అవుతున్నాయి, సంబంధాలు రావు, మానెయ్యమని అమ్మ గొడవ. ఏం చెయ్యాలి?
– ఒక సోదరి, వరంగల్

జవాబు: అమ్మా, మీరు మధ్యలో రాసిన పీరియడ్స్ సంగతి ముందు చెప్తాను. నాలుగు నెలలు పీరియడ్స్ ఆగడం డైట్‌లో మామూలే అని జిమ్‌లో ఎవరైనా అంటే నమ్మకండి. చేసే శ్రమకి తగ్గ తిండి అందక ఒళ్లు ఆపేసి ఉండొచ్చు, థైరాయిడ్ కావచ్చు, అండాశయాల సమస్య పీసీఓడీ కావచ్చు. ఈ వారంలోనే మీ ఆసుపత్రిలో గైనకాలజిస్టుకి చూపించుకోండి, హిమోగ్లోబిన్ కూడా చేయించండి. వాళ్లు సరేననేదాకా తగ్గించడం ఆపి, అన్నం, పప్పు, నెయ్యి మళ్లీ వేసుకోండి. ఎముకలకి కూడా దీనితో సంబంధం ఉంది.

తర్వాత నైట్స్. పొద్దున ఎనిమిది నుంచి రెండు, రెండు నుంచి రాత్రి ఎనిమిది, నైట్ ఎనిమిది నుంచి ఎనిమిది, మీ చార్టు ఇంతే అనుకుంటున్నాను. బరువైన స్క్వాట్లూ డెడ్‌లిఫ్టులూ మార్నింగ్ డ్యూటీ వారంలో పెట్టుకోండి, ఇంటికొచ్చి తిని పడుకుని లేచి ఐదింటికి. మధ్యాహ్నం డ్యూటీ వారంలో పొద్దున తొమ్మిదికి. నైట్ వారంలో రెండే రోజులు, సాయంత్రం నిద్రలేచాక, నలభై నిమిషాలు, మామూలుగా చేసే సెట్లలో సగం. నైట్ దిగి నేరుగా జిమ్‌కి మాత్రం వెళ్లకండి, ఆ నిద్రమత్తులో స్కూటీ నడపడమే ప్రమాదం. ఆఖరి కాఫీ రాత్రి రెండింటికే. గదికి మందపాటి కర్టెన్ కొనుక్కోండి, ప్రొటీన్ డబ్బా కంటే ముందు కొనాల్సింది అదే. ఒక వారం సగం చేసినంత మాత్రాన మూడేళ్ల కండ కరగదు. ఆ వారం కాటా ఎక్కకండి.

పేషెంట్‌ని తిప్పేటప్పుడు ఒక్కరే లాగొద్దు. కింద దుప్పటి వేసి ఇద్దరు చెరో పక్క పట్టుకోండి. నర్సుల నడుములు జిమ్‌లో కంటే వార్డులోనే ఎక్కువ పోతాయి, నా దగ్గరికి వచ్చేవాళ్లని రోజూ చూస్తున్నాను. ఇక మీ అమ్మగారితో పోట్లాడకండి. కదల్లేని ఎనభై కిలోల మనిషికి పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పేది ఆ చేతులే అని ఒకసారి కూర్చోబెట్టి చెప్పండి. కన్నతల్లి, వింటారు.

ప్రశ్న: ఆపరేషన్ థియేటర్‌లో టెక్నీషియన్‌గా ట్రైనింగ్‌లో ఉన్నాను. నేను థియేటర్‌లో ఉంటానని తెలిసి జిమ్ ఫ్రెండ్ మెఫెంటెర్మిన్ అనే ఇంజెక్షన్ మందు వయల్స్ (చిన్న సీసాలు) తెచ్చివ్వమంటున్నాడు. వాడితే వర్కవుట్ బాగా వస్తుందట. కాదంటే స్నేహం చెడుతుందని టెన్షన్‌గా ఉంది.
– పేరు రాయలేదు, హైదరాబాద్

జవాబు: ఇవ్వొద్దు. నడుంలో మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక బీపీ పడిపోతే మత్తు డాక్టర్ ఈ మందు ఎలా ఇస్తారో నువ్వే చూసి ఉంటావు. కొంచెం కొంచెంగా, మానిటర్ మీద నుంచి కళ్లు తిప్పకుండా ఇస్తారు. అదే వయల్‌ని మానిటరూ డాక్టరూ లేని చోట, అప్పటికే గుండె దడదడలాడుతుండగా ఎక్కించుకుంటే గుండె లయ తప్పుతుంది, బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. కొన్నాళ్లకి అది లేకపోతే జిమ్ గుమ్మం ఎక్కలేని స్థితి వస్తుంది. ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మకూడని మందు అది. థియేటర్ నుంచి ఒక్క వయల్ బయటికొచ్చినా దొంగతనమే, నీ వృత్తి మొదలవకముందే ముగుస్తుంది.

అతనికి "మా దగ్గర ప్రతి వయల్‌కి లెక్క ఉంటుంది, నేను ముట్టుకోను" అని ఒకే మాట చెప్పు. మళ్లీ అడిగితే మళ్లీ అదే మాట. ఇప్పటికే వేరేచోట తెచ్చుకుని వాడుతున్నాడేమో కూడా అడుగు. అవునంటే తిట్టకుండా వెంటబెట్టుకుని మీ ఆసుపత్రి ఓపీకే తీసుకెళ్లు. బీపీ చూపించి, ఈసీజీ తీయించు. ఏం వాడుతున్నాడో డాక్టర్‌కి దాచకుండా చెప్పేదాకా పక్కనే ఉండు.