దు:ఖమా, దుఃఖమా?

సందేహం: గోదావరి డెల్టా గ్రామాల్లో చూపులేని విద్యార్థులు ఫోనును ఎలా వాడుకుంటున్నారు, చట్టం ఇచ్చిన హక్కులు వారికి ఎంతవరకు అందుతున్నాయి అన్న అంశంపై పరిశోధన చేస్తున్నాను. వరద తీశాక పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) గురించి వాట్సాప్‌లో ఒక ప్రకటన వచ్చింది: ‘సఖినేటిపల్లి రేవులో పంటు రాకపోకలు పున:ప్రారంభం’. ఒక విద్యార్థి ఫోను దాన్ని ‘పున కోలన్ ప్రారంభం’ అని చదివింది. విసర్గకు బదులు కోలన్ పెట్టడం భాషాదోషమా, టైపింగ్ పొరపాటా? అసలు విసర్గే వద్దు, ‘దుఖం’, ‘అంతపురం’ అని రాస్తే చాలని కొందరంటున్నారు. సరైనదేనా?
– పరిశోధక విద్యార్థిని, అమలాపురం

సమాధానం: భాషాదోషమే. చేతిరాతలో రెండు చుక్కలు ఎలా పెట్టినా విసర్గే అవుతుంది. ఫోనులో అలా కాదు. అక్కడ అక్షరమంటే ఆకారం కాదు, దానికి కేటాయించిన సంఖ్య. ఆ సంఖ్యల ఉమ్మడి పట్టికే యూనికోడ్. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాల విభాగం ఉంది. అందులో సున్న పక్కనే విసర్గకు సొంత చోటుంది. కోలన్ ఆ విభాగంలోది కాదు, అది విరామచిహ్నం. ‘దు:ఖం’ అని కొట్టినవారు ‘దు’ రాసి, ఆగి, మళ్లీ ‘ఖం’ రాసినట్టే లెక్క. చూపున్నవారి కన్ను ఆ తేడాను సర్దుకుంటుంది. తెరమీది రాతను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ మాత్రం, అమరికను బట్టి, కోలన్ అని పలుకుతుంది, లేదా మాటను విరగ్గొడుతుంది. పైగా, సరైన వర్ణక్రమంతో ‘పునఃప్రారంభం’ అని వెతికినవారికి ఈ ప్రకటన దొరక్కపోవచ్చు. పంటు దాటి నరసాపురం వెళ్లాల్సిన విద్యార్థికి అది చిన్న నష్టం కాదు.

విసర్గను తీసేయమనే సలహా నాకు సమ్మతం కాదు. ‘దుఃఖం’లో విసర్గ వల్ల ‘దు’ గురువు అవుతుంది. మనం ‘దుక్ఖం’ అని ఒత్తి పలికేది అందుకే. ‘దుఖం’ అని రాస్తే లఘువు మిగులుతుంది, ఫోను కూడా తేల్చి పలుకుతుంది. ‘అంతపురం’ మరీ అన్యాయం. వినేవారికి అది ‘అంత పురం’, అంటే అంత పెద్ద పట్టణం! చూసి చదివేవారు సందర్భాన్ని బట్టి దిద్దుకుంటారు సరే, చెవి మీదే ఆధారపడినవారి నెత్తిన ఆ దిద్దుబాటు భారం ఎందుకు పెట్టాలి?

శ, స ల ముందు విసర్గ లేకుండా రాసే వీలుంది. నిఃశబ్దం, నిశ్శబ్దం రెండూ వ్యాకరణసమ్మతాలే. తెలుగులో ద్విత్వరూపమే వాడుక కనుక అదే రాయండి. క, ఖ, ప, ఫ ల ముందు సాధారణంగా విసర్గ నిలుస్తుంది: అంతఃకరణ, ప్రాతఃకాలం, పునఃప్రారంభం. (దుష్కరం, నిష్ఫలం వంటివి వేరు.) విసర్గను తప్పించబోయి ‘పునర్ప్రారంభం’ అని రాసేవారూ ఉన్నారు. పునరాలోచన, పునర్నిర్మాణం చూసి కల్పించుకున్న రూపమది. ఆ రేఫ (‘ర్’) అచ్చుల ముందు, గ, జ, ద, న, మ వంటి నాదాక్షరాల ముందు నిలుస్తుంది. ప ముందు విసర్గే.

మీ పరిశోధనలో ఈ విషయానికి తప్పక చోటివ్వండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్, శ్రవణ, ముద్రణ, ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లోని సమాచారం వారికి అందుబాటు రూపంలో ఉండేలా ప్రభుత్వాలు చూడాలంటోంది. డిజిటల్ అందుబాటు రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అందుబాటు అనగానే వెబ్‌సైట్లు, యాప్‌ల నిర్మాణం గురించే మాట్లాడుతున్నారు. తెలుగులో ప్రకటన రాసే గుమాస్తా వేళ్ల దగ్గర కూడా ఆ హక్కు నిలబడాలి, పడిపోకూడదు. యూనికోడ్ కాని పాత ఫాంట్లలో కొట్టిన దస్త్రాల సంగతి ఇంకా ఘోరం. తెరమీద తెలుగు కనిపిస్తుంది, లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. స్క్రీన్ రీడర్‌కు అందులో తెలుగు ముక్క ఒక్కటీ చిక్కదు.

ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డులో షిఫ్టు పట్టుకొని హైఫన్ మీట నొక్కితే విసర్గ పడుతుంది. ఇప్పటికే రాసిన పత్రాల్లో కోలన్ ఎక్కడెక్కడుందో వెతికి ఒక్కొక్కటిగా దిద్దండి. అన్నిటినీ ఒకేసారి మార్చేయకండి, ‘విషయం:’, ‘తేదీ:’ అన్నచోట కోలన్ ఉండాల్సిందే.