మనోవేదనతో నిజంగా జబ్బు వస్తుందా? మా అమ్మ విషయంలో నేను చూసింది

మీ ప్రశ్న ఇది: నాన్నగారు పోయి ఏడాదిన్నర అయింది. అప్పటినుంచి అమ్మగారికి గుండెదడ, కడుపులో గ్యాస్, ఒళ్ళు నొప్పులు. ఈమధ్య బీపీ కూడా మొదలైంది. రిపోర్టులు చూసిన డాక్టరు "ఏమీ లేదు, మనోవేదన" అన్నారు. ఆవిడ ఊహించుకుంటున్నారా, నిజంగా జబ్బేనా?

ఊహ కాదు. ఇంత గట్టిగా చెబుతున్నది మా అమ్మని చూశాను కాబట్టి. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మూత్రపిండాల మీద ఉండి ఒత్తిడి హార్మోన్లు వదిలే అడ్రినల్ గ్రంథి బొమ్మ బోర్డు మీద ఎన్నిసార్లు వేశానో లెక్కలేదు. అది మా ఇంట్లో ఏం చేసిందో చూశాకే ఆ పాఠం నాకు పూర్తిగా అర్థమైంది.

2019 ఫిబ్రవరిలో ఒక రాత్రి రెండున్నరకి అమ్మకి ఫోన్ వచ్చింది. మా తమ్ముడికి యాక్సిడెంట్ అయింది, మనిషి లేడు అని అవతలివాళ్ళు ఒక్కసారే చెప్పేశారు. తెల్లారేసరికి ఇంటి నిండా జనం. అమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఛాతీ రుద్దుకుంటోంది. చెమటకి జాకెట్టు తడిసిపోయింది. ఏడ్చి ఏడ్చి అలా అయిందనుకున్నాం అందరం. ఎవరో గ్లాసుడు మజ్జిగ పట్టించారు. ఊళ్ళో డాక్టరు వచ్చి గ్యాస్ అని ఇంజెక్షన్ చేసి వెళ్ళారు. సాయంత్రం దహనం అయ్యాక అమ్మ నా చెయ్యి పట్టుకుని "ఊపిరి అందట్లేదే" అంది. అప్పుడు కారులో విజయవాడ తీసుకెళ్ళాం. అప్పటికే నొప్పి మొదలై పన్నెండు గంటలు దాటింది.

ఈసీజీ చూసి గుండెపోటు అన్నారు. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో కనిపించే ట్రోపోనిన్ కూడా పెరిగింది. మణికట్టు దగ్గర్నుంచి యాంజియోగ్రామ్ చేశారు. అరగంటకి డాక్టరమ్మ బయటికొచ్చి, రక్తనాళాల్లో ఎక్కడా బ్లాక్ లేదని, కానీ గుండె ఎడమ గది కింది భాగం కదలకుండా ఉబ్బిపోయి ఉందని చెప్పారు. పంపింగ్ 35 శాతం, అంటే ఉండాల్సినదాని కంటే బాగా తక్కువ. తర్వాత ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "ఇంట్లో ఏమైనా జరిగిందా?" అని. చెప్పాను. ఆవిడ ఓపీ చీటీ వెనక ఒక చెంబు బొమ్మ గీశారు. సన్నటి మెడ, గుండ్రటి అడుగు. "అమ్మగారి గుండె ఇప్పుడు ఈ ఆకారంలో ఉంది" అన్నారు. ఆ చీటీ ఇంకా నా బీరువాలో ఉంది.

దాని పేరు టకోట్సుబో. జపాన్‌లో ఆక్టోపస్‌లని పట్టడానికి సముద్రంలోకి దించే కుండకి ఆ పేరు. 1990 ప్రాంతంలో అక్కడి డాక్టర్లే మొదట ఈ జబ్బుని గుర్తించి, ఉబ్బిన గుండె ఆ కుండలా ఉందని ఆ పేరు పెట్టారు. ఎక్కువగా ముట్లుడిగిన ఆడవాళ్ళకి వస్తుంది. అమ్మకి అప్పుడు 54. పెద్ద దుఃఖం కలిగినా, పెద్ద భయం కలిగినా వచ్చే అవకాశం ఉంది. 2004లో జపాన్‌లోని నీగాటలో భూకంపం వచ్చాక అక్కడ ఈ కేసులు బాగా పెరిగాయి. 2005లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ డాక్టర్లు, ఇలాంటి దెబ్బ తర్వాత గుండె దెబ్బతిన్న 19 మంది గురించి రాశారు. వాళ్ళ రక్తంలో అడ్రినలిన్ జాతి హార్మోన్లు, తీవ్రమైన గుండెపోటు వచ్చినవాళ్ళలో ఉండేదానికి రెండు మూడు రెట్లు ఉన్నాయి. ఆ హార్మోను ఒక్కసారిగా ముంచెత్తితే గుండె కండరం మొద్దుబారిపోతుంది. బ్లాక్ అక్కర్లేదు. ఆ ఫోన్‌లో విన్న మాట చాలు.

మన పెద్దవాళ్ళు "బెంగ పెట్టుకుని మంచం పట్టింది" అంటారు, పిల్లలకి "జడుపు జ్వరం" అంటారు. వాళ్ళు చూసింది తప్పు కాదు. కానీ "మనోవ్యాధికి మందు లేదు" అని ఇంకో మాట కూడా ఉంది కదా. మా ఇంట్లో ఆ మాట చాలా నష్టం చేసింది. తర్వాతి ఆర్నెల్లు అది నమ్మే గడిపాం.

ఏడు వారాలకి ఎకో తీస్తే పంపింగ్ 58 శాతానికి వచ్చింది. టకోట్సుబోలో చాలామందికి ఇలాగే కొన్ని వారాల్లో గుండె మామూలవుతుంది. మొదటి రోజుల్లో మాత్రం గుండెపోటు అంత ప్రమాదమే. గండం గడిచింది అనుకున్నాం. కానీ అమ్మకి నిద్ర లేదు. అన్నం రెండు ముద్దలు తిని పక్కన పెట్టేది. కడుపు ఉబ్బరం, మెడ నొప్పి. అంతకు ముందు అంచు దగ్గరున్న షుగర్ దాటిపోయింది, మూడు నెలల సగటు 6.1 నుంచి 7.4కి వెళ్ళింది. బీపీ ఒక రోజు బాగుంటుంది, ఒక రోజు ఆకాశంలో ఉంటుంది.

గుండె డాక్టరమ్మ రోజూ బీపీ రాయమన్నారు. పిల్లల పాత నోట్‌బుక్ ఒకటి తీసి తేదీ, టైమ్, రీడింగ్, మాత్ర వేసుకుందా లేదా అని గళ్ళు గీశాను. రెండు వారాలు రాసినా ఏమీ అర్థం కాలేదు. అప్పుడు ఇంకో గడి చేర్చాను: "అంతకు ముందు ఏం జరిగింది". ఇంకో మూడు వారాలకి, కళ్ళు మూసుకుపోయినవాళ్ళకి కూడా కనిపించేలా తేలింది. పొద్దున కాఫీ తర్వాత 124/80. ఫోన్ మోగాక 168/96. అమ్మ ఫోనే కాదు, పక్కింటివాళ్ళది మోగినా అంతే. ఫోన్ మోగితే అమ్మ ముఖం ఏమీ మారేది కాదు. కళ్ళు పక్కకి తిప్పేది, కుడిచేతి బొటనవేలిని పిడికిట్లో దాచుకునేది. అదొక్కటే గుర్తు. అడిగితే "నాకేం భయం, ఏమీ లేదు" అనేది. అబద్ధం చెప్పలేదు పాపం, భయంగా ఉందని ఆవిడకే తెలియదు. ఒంటికి తెలుసు.

అదే నోట్‌బుక్‌లో ఇంకోటి బయటపడింది. మాత్ర గడి చాలా రోజులు ఖాళీ. నేను కోప్పడ్డాను. చివరికి ఒక రోజు చెప్పింది, "ఆ గోళీ చేతిలోకి తీసుకుంటే ఐసీయూ మంచం గుర్తొస్తోంది, ఆ మిషను కూత వినిపిస్తోంది" అని. దుఃఖం జబ్బు తెచ్చింది, ఆ జబ్బు కొత్త భయం తెచ్చింది, ఆ భయం మందుని ఆపేసింది, మందు ఆగితే బీపీ పెరిగింది. ఇది మా అమ్మ ఒక్కదాని సంగతి కాదు. గుండెపోటు లాంటిది వచ్చి బతికి బయటపడ్డవాళ్ళలో సుమారు ఎనిమిది మందిలో ఒకరికి, యుద్ధం నుంచి వచ్చిన సైనికుల్లో చూసే లాంటి లక్షణాలు ఉంటాయని పరిశోధనలు చెబుతున్నాయి. పీడకలలు, ఉలికిపాటు, ఆ విషయం తలచుకోకుండా తప్పించుకోవడం. అలాంటివాళ్ళలో మందులు మానేసేవాళ్ళు ఎక్కువ.

లోపల జరిగేది నాకు అర్థమైనంత వరకు చెబుతాను. ప్రమాదం అనిపించగానే మెదడులో హైపోథాలమస్ కబురు పంపుతుంది. నరాల ద్వారా వెళ్ళే కబురుకి అడ్రినల్ గ్రంథి సెకన్లలో అడ్రినలిన్ వదులుతుంది. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి మీదుగా వెళ్ళే కబురుకి కొన్ని నిమిషాల్లో కార్టిసాల్ అనే ఇంకో ఒత్తిడి హార్మోను వస్తుంది. గుండె వేగం, బీపీ, రక్తంలో చక్కెర పెరుగుతాయి, జీర్ణం మందగిస్తుంది. పాము కనపడి పరుగెత్తాల్సి వస్తే ఇవన్నీ అవసరమే. పాము వెళ్ళిపోతే అన్నీ సర్దుకోవాలి. మనసుకి పెద్ద దెబ్బ తగిలినవాళ్ళలో ఆ పాము వెళ్ళదు. రోజుకి పదిసార్లు చిన్న శబ్దానికీ అదే కబురు, అదే హార్మోను. నెలల తరబడి అలా నడిస్తే రక్తనాళాలు, నిద్ర, షుగర్, పేగులు అన్నీ అరుగుతాయి. 1993లో బ్రూస్ మెక్‌ఎవెన్ అనే శాస్త్రవేత్త ఇంకొకరితో కలిసి ఈ అరుగుదలకి ఒక పేరు కూడా పెట్టారు, అలోస్టాటిక్ లోడ్ అని. మీ అమ్మగారి గ్యాస్, గుండెదడ, బీపీ మూడూ వేర్వేరు జబ్బులు కాకుండా ఒకే తీగకి కాసిన కాయలు అయి ఉండవచ్చు.

చూసుకునేవాళ్ళనీ ఇది వదలదు. 1995లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీవాళ్ళు, మతిమరుపు జబ్బున్న బంధువులకి సేవ చేస్తున్న 13 మంది ఆడవాళ్ళ ముంజేతి మీద చిన్న గాయం చేసి, మరో 13 మందితో పోల్చి చూశారు. సేవ చేసేవాళ్ళ గాయం మానడానికి సగటున 9 రోజులు ఎక్కువ పట్టింది. ఇది చదివినప్పుడు నా వేలు చూసుకున్నాను. ఆ ఏడాది కత్తిపీట మీద తెగిన వేలు నాకు నెల దాకా మానలేదు. షుగర్ ఉందేమోనని పరీక్ష చేయించుకున్నాను, లేదు. నా వేలికి అదే కారణమని తేల్చలేను గానీ, ఆ రోజుల్లో నాకూ నిద్ర లేదు.

సైకియాట్రిస్ట్ పేరు ఎత్తితే అమ్మ, "నాకేమన్నా పిచ్చా?" అంది. నేను వాదించలేదు. నోట్‌బుక్ చూపించి, "పొద్దున 124, ఫోన్ మోగితే 168. ఈ తేడా తగ్గించే డాక్టరు దగ్గరికి వెళ్దాం" అన్నాను. వచ్చింది. ఒక మాత్ర రాశారు, నెలకి రెండుసార్లు సైకాలజిస్టుతో మాట్లాడించారు. ఐదు నెలలు. మొదట ఊపిరి నెమ్మదిగా వదలడం నేర్పారు. పీల్చడం కంటే వదలడం ఎక్కువసేపు ఉండాలి, అప్పుడు గుండె వేగం తగ్గుతుంది. తర్వాత పగటిపూట నన్ను పక్కన కూర్చోబెట్టి, ఫోన్ మోత చాలా చిన్నగా వినిపించడం, రోజురోజుకీ కొంచెం పెంచడం. ఆ తర్వాత ఆ రాత్రి సంగతి మొదటినుంచి చివరిదాకా నోటితో చెప్పించడం.

అలా చెబుతున్నప్పుడే ఇంకో రాత్రి బయటికొచ్చింది. అమ్మది నాగాయలంక దగ్గర పల్లె. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు అమ్మకి పన్నెండేళ్ళు. పదివేల మందికి పైగా పోయిన ఆ ఉప్పెనలో అమ్మ చెల్లెలు కూడా పోయింది. ఆ సంగతి మాకు ఒక్క వాక్యంలో తెలుసు, అంతే. గాలివాన వస్తే అమ్మకి ఆయాసం వస్తుందని చిన్నప్పటినుంచీ చూశాం, ఉబ్బసం అనుకున్నాం. అమెరికాలో డాక్టర్ ఫెలిట్టి, డాక్టర్ ఆండా 1998లో ప్రచురించిన అధ్యయనంలో, చిన్నతనంలో ఇంట్లో హింస, వేధింపుల్లాంటివి ఎక్కువ రకాలు అనుభవించినవాళ్ళకి పెద్దయ్యాక గుండె జబ్బులతో సహా చాలా రోగాల ముప్పు ఎక్కువని తేలింది. వాళ్ళు అడిగినవాటిలో ఉప్పెన లేదు. అయినా ఆ పన్నెండేళ్ళ పిల్లని ఎవరూ కూర్చోబెట్టి "ఏం చూశావమ్మా" అని అడగలేదన్నది మాత్రం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఇక రెండోవైపు. దీన్ని మీరు తప్పక వినాలి. చికిత్స మొదలైన ఏడాదికి అమ్మ మళ్ళీ నీరసపడింది, ఎప్పుడూ పడుకునే ఉండేది, ఒళ్ళు బరువు. ఈసారి నేనే తేల్చేశాను, తమ్ముడి సంవత్సరీకం దగ్గరపడింది కదా, దిగులు అని. రెండు నెలలు అలాగే పోనిచ్చాను. తర్వాత రక్తపరీక్షలో, థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్ 18 వచ్చింది, బాగా ఎక్కువ. అంటే థైరాయిడ్ మందగించింది. మాత్ర మొదలుపెట్టాక నెలన్నరకి లేచి తిరిగింది. తప్పు నాది. ఒకసారి మనోవేదన అని ముద్ర పడ్డ మనిషికి తర్వాత ఏం వచ్చినా అందులోనే వేసేస్తాం. కడుపులో పుళ్ళని కూడా ఏళ్ళ తరబడి టెన్షన్ వల్లే అన్నారు. చాలా పుళ్ళకి కారణం హెలికోబాక్టర్ అనే బ్యాక్టీరియా అని బారీ మార్షల్, రాబిన్ వారెన్ చూపించారు, 2005లో వాళ్ళకి నోబెల్ వచ్చింది.

అందుకని మీ డాక్టరుగారు ఏయే పరీక్షలు చూసి "ఏమీ లేదు" అన్నారో కనుక్కోండి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12, మూడు నెలల షుగర్, ఈసీజీ, ఎకో అయ్యాయా? గుండెదడ ఉంది కాబట్టి చివరి రెండూ వదలొద్దు. కాకపోతే అడిగి చేయించండి. దాంతోపాటే, అవి అయ్యాక అని ఆగకుండా, సైకియాట్రిస్టుకీ చూపించండి. వెళ్ళడానికి ఒప్పుకోకపోతే ముందు టెలీ మానస్ నంబరు 14416కి మీరే ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టింది, డబ్బులేమీ అడగరు, తెలుగులో మాట్లాడతారు. ఛాతీ నొప్పితో చెమటలు పట్టినా, ఊపిరి అందకపోయినా మాత్రం మేం చేసినట్టు మజ్జిగ ఇచ్చి కూర్చోవద్దు, 108కి చేయండి. "ఇంకెందుకు బతకడం" అనే మాట అన్నా, మాటవరసకి అన్నారులే అని వదలకండి, ఆ రోజే డాక్టరుకి చెప్పండి.

ఈ రాత్రే ఒక నోట్‌బుక్ తీసి గళ్ళు గీయండి. టైమ్, బీపీ, ఏం తిన్నారు, మాత్ర వేసుకున్నారా, అంతకు ముందు ఏం జరిగింది. ఆ చివరి గడి మీరే నింపండి, ఆవిడని అడగకుండా, పక్కనుండి చూసి. నాన్నగారు రోజూ ఇంటికొచ్చే టైమ్ ఏదో, ఆయన పోయిన రోజు ఏ వారమో పైన రాసి పెట్టుకోండి. మూడు వారాలు రాసి, తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు రిపోర్టుల ఫైలుతో పాటు దాన్ని కూడా పట్టుకెళ్ళండి.