రైళ్ల పట్టికైనా పంచాంగమైనా, నిండుగా ఉండే పేజీయే నాకు నచ్చుతుంది

సమాచారం కిక్కిరిసిన వెబ్‌సైట్లు మేలా, ఖాళీ జాగా ఎక్కువగా వదిలినవి మేలా అని అడిగారు. తిరుపతి బస్టాండు దగ్గర పన్నెండేళ్లుగా నెట్ సెంటరు నడుపుతున్న నేను నిండు పేజీ వైపే మొగ్గుతాను.

దర్శనం ముగించుకున్న యాత్రికులు, గుండుకు రాసుకున్న చందనం ఆరకముందే వచ్చి నా బల్ల ముందు నిలబడతారు. హైదరాబాదు వెళ్లడానికి నారాయణాద్రి, రాయలసీమ, వందే భారత్‌లలో ఏది ఎప్పుడు బయలుదేరుతుందో, దేనిలో చోటుందో వారికి ఒక్క చూపులో తెలియాలి. నేను వాడే ఒక టికెట్ల సైటులో ఇదివరకు రైళ్లన్నీ ఒకే పట్టికలో ఉండేవి. కొత్త రూపంలో ఒక్కో రైలుకు ఒక్కో పెద్ద గడి కట్టి, చుట్టూ తెల్లగా వదిలేశారు. మూడో రైలు చూపించేసరికి మొదటిది పైకి పోతుంది, వెంటనే ‘ఇందాకటిది మళ్లీ చూపించన్నా’ అంటారు.

మా నాన్నగారి పంచాంగంలో తిథి, నక్షత్రం, యోగం, కరణం, వర్జ్యం అన్నీ చీమలబారు లాంటి అక్షరాల్లో ఉంటాయి. అయినా ఏది ఎక్కడ ఉంటుందో ఏళ్ల తరబడి మారలేదు కనుక, ఆయన తేదీ మీద వేలు పెట్టి అడ్డంగా జరిపి, కావలసిన చోట ఆపుతారు. నిండుతనమంటే నాకు అదే. ఎగిరిపడే ప్రకటనలతో నిండిన పేజీని మాత్రం సంత అనాలి.

2023 జనవరిలో ఇంగ్లీషు వికీపీడియా కంప్యూటరు రూపం మారి, వ్యాసం నడుమ సన్నని పట్టీలా కుదించుకుపోయినప్పుడు నేనూ విసుక్కున్నాను. అయితే పంక్తి పొట్టిగా ఉంటే సుదీర్ఘ వ్యాసం చదవడం హాయిగానే ఉంటుందని తరువాత ఒప్పుకున్నాను. ఇప్పుడు పట్టికలు చూసేటప్పుడు మాత్రమే వెడల్పు చేసే బొత్తం నొక్కుతున్నాను.

తెలుగు పేజీల విషయంలో మాత్రం నా పట్టుదల కొంత సడలుతుంది. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే పంక్తుల ఎడం మనకు చాలదు. ‘స్త్రీ’, ‘లక్ష్మి’ వంటి మాటల్లో వత్తులు కిందికి వేలాడి, కింది పంక్తిలోని గుడులకు తగులుతాయి. దరఖాస్తుల్లో పేరు రాసే గడి ఇరుకైతే వత్తు సగానికి తెగి కనిపిస్తుంది, పేరు తప్పు పడిందేమోనని మనిషి కంగారు పడతాడు.

ప్రస్తుతానికి ఆ టికెట్ల సైటును 67 శాతానికి కుదించి వాడుతున్నాను. నాలుగు రైళ్లు కనిపిస్తున్నాయి గానీ, అంకెలు చదవడానికి పెద్దవాళ్లు బల్ల మీదికి వంగవలసి వస్తోంది.