సంతకానికి ముందు పంపు తిప్పించండి

ప్రశ్న: మాది గిండీలో డిజైన్ ఆఫీసు. తూర్పు తీరంలో రాబోయే ఒక గ్యాస్ ప్లాట్‌ఫారం పని మా చేతిలో ఉంది. జాకెట్ (ప్లాట్‌ఫారాన్ని మోసే ఉక్కు కాళ్ల చట్రం) లెక్కల్లో మాకు సలహాలిచ్చిన సంస్థకే స్వతంత్ర వెరిఫికేషన్ కూడా అప్పగిస్తే ఖర్చు కలిసొస్తుందని మావాళ్లు అంటున్నారు. ఎలాగూ ఓఐఎస్‌డీ (చమురు పరిశ్రమ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) చూస్తుంది కదా అని కూడా అంటున్నారు. ఇది సరైనదేనా? అసలు పని ఎక్కడ మొదలుపెట్టాలి? (వేళచ్చేరి పాఠకుడు)

జవాబు: సలహా ఇచ్చిన చెయ్యే తనిఖీ చేస్తే, జవాబు చెప్పిచ్చిన మాస్టారే పేపరు దిద్దినట్టు. తనిఖీ సంస్థలకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ/ఐఈసీ 17020 లెక్కలో ‘టైప్ ఎ’ తనిఖీ సంస్థ తాను చూసే వస్తువును డిజైన్ చేయకూడదు, తయారు చేయకూడదు, అమ్మకూడదు, దాని నిర్వహణ కూడా చూడకూడదు. ఓఐఎస్‌డీ విషయానికొస్తే, సముద్రంలోని చమురు, గ్యాస్ పనుల భద్రతకు వచ్చిన 2008 నిబంధనల కింద అది అధికార సంస్థే. కానీ అధికారి ఆడిట్‌కు రావడం వేరు, ప్రతి కీలక వ్యవస్థనూ మొదటినుంచీ వెన్నంటి చూసేవాడు ఉండడం వేరు.

డబ్బు ఎవరిస్తున్నారన్న దాని గురించి ఎక్కువ బెంగపడకండి, ఎలాగూ యజమానే ఇస్తాడు. రిపోర్టు ఎవరి బల్ల మీద పడుతుందో చూడండి. లోడ్-అవుట్ (కట్టిన నిర్మాణాన్ని ఓడకెక్కించే) తేదీ తలకు చుట్టుకున్న ప్రాజెక్ట్ మేనేజర్‌కు కాకుండా, ఆయన పైవాళ్లకు పడాలి. కాంట్రాక్టులో మూడు మాటలు రాయించుకోండి: ఫీజును సర్టిఫికెట్‌కు గానీ తేదీకి గానీ ముడిపెట్టకూడదు, ఏ టెస్టుకైనా వచ్చి నిలబడే హక్కు వెరిఫయర్‌కు ఉండాలి, ఆయన రాసిన అభ్యంతరాన్ని ఎవరూ తుడిచేయకూడదు, దానికి జవాబు రాసి పక్కనే ఉంచాలి. డిజైన్ ఖరారు కాకముందే వెరిఫయర్‌ను నియమించండి. ఉక్కు కోసేశాక వచ్చినవాడికి ఫొటోలు తీసుకోవడం తప్ప చేయగలిగిందేమీ ఉండదు.

పని మాత్రం జాబితాతో మొదలవుతుంది. ఏది పాడైతే పెద్ద ప్రమాదం పుడుతుందో, పుట్టిన ప్రమాదాన్ని ఏది ఆపుతుందో అవే సేఫ్టీ క్రిటికల్ ఎలిమెంట్లు. హజార్డ్ స్టడీ (ఏయే ప్రమాదాలు రావచ్చో చూసే అధ్యయనం) నుంచి ఒక్కొక్కటీ తవ్వి తీయాలి. జాబితా ఎక్విప్‌మెంట్ లిస్టు అంత పొడవుందంటే ఎవరో కాపీ కొట్టారనే అర్థం.

తర్వాత ఒక్కొక్కదానికీ పెర్ఫార్మెన్స్ స్టాండర్డ్, అంటే అది ఎంతమేర పనిచేయాలో చెప్పే కొలత, రాయాలి. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ‘ఫైర్ పంపు నమ్మకంగా పనిచేయాలి’ అంటే తనిఖీ చేయడానికి అందులో ఏముంది? ఫైర్ పంపుల అమెరికన్ ప్రమాణం ఎన్ఎఫ్‌పీఏ 20 ఒరవడిలో రాస్తే ఇలా వస్తుంది: గంటకు 1000 ఘనమీటర్లు, 12 బార్ రేటింగ్ ఉన్న పంపు 1500 ఘనమీటర్ల దగ్గర 7.8 బార్‌కు తగ్గకూడదు, వాల్వు మూసినప్పుడు 16.8 బార్ దాటకూడదు. ఇప్పుడు గేజి చూసి అవునో కాదో చెప్పొచ్చు. పంపు దగ్గర రీడింగుతో ఊరుకోకండి, చివరి డెల్యూజ్ నాజిల్ (మంటల మీద నీళ్లు కుమ్మరించే మూతి) దగ్గర కూడా ప్రెషర్ కొలిపించండి. ఉప్పు, తుప్పు పేరుకుని పూడిపోయేవి ఆ చివరి నాజిళ్లే.

పంపు ఏ మోడ్‌లో ఉందో కూడా స్టాండర్డ్‌లో ఉండాలి. 1988 జులై 6న ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా తగలబడి 167 మంది పోయారు. ఆ రాత్రి డైవర్ల భద్రత కోసం ఫైర్ పంపులను మాన్యువల్‌లో పెట్టారు. పేలుడు తర్వాత వాటి దగ్గరికి వెళ్లి స్టార్ట్ చేయడం ఎవరివల్లా కాలేదు.

ప్రశ్న: ప్రమాదంలో గ్యాస్‌ను ఆపే షట్‌డౌన్ వాల్వును ఏడాదికోసారి టెస్ట్ చేస్తున్నాం, ఎప్పుడూ పాసే. రెండేళ్లకోసారి చేస్తే ఏం పోతుంది? (ఎన్నూరు పాఠకుడు)

జవాబు: లెక్క వేసి చూడండి. బయటికి కనిపించని ప్రమాదకర లోపం పది లక్షల గంటలకు 2 అనుకుందాం. అవసరమైన క్షణాన పనిచేయకపోయే సంభావ్యత, లోపాల రేటును టెస్ట్ వ్యవధితో గుణించి సగం చేస్తే వస్తుంది. 8760 గంటలకు 0.00876. సిల్ అంటే భద్రతా వ్యవస్థ ఎంత నమ్మదగ్గదో చెప్పే స్థాయి, అంకె పెరిగేకొద్దీ కట్టుదిట్టం. సిల్ 2 హద్దు 0.01 కాబట్టి సరిపోయింది. రెండేళ్లకైతే 0.0175, అంటే సిల్ 1కు జారిపోయారు. వాల్వు అదే, మారింది క్యాలెండరొక్కటే.

‘ఎప్పుడూ పాసే’ అన్న మాట దగ్గర మాత్రం మాకు అనుమానం. టెస్టుకు ముందురోజు గ్రీజు కొట్టి రెండుసార్లు తెరిచి మూస్తున్నారేమో కనుక్కోండి. అలా చేస్తే బిగుసుకున్న వాల్వు కూడా సాఫీగా కదులుతుంది. నిజం బయటపడేది ఏ సన్నాహం లేని మొదటి స్ట్రోక్‌లోనే, రికార్డు చేయాల్సిన సమయం కూడా అదే. కొంతవరకే కదిపి చూసే పార్షియల్ స్ట్రోక్ టెస్టు వాల్వు బిగుసుకుందో లేదో చెబుతుంది గానీ, మూసుకున్నాక సీటు దగ్గర కారుతోందో లేదో చెప్పదు. దానికి లీక్ టెస్ట్ వేరే పెట్టాలి.

ప్రశ్న: ధనుష్కోడి దగ్గర సముద్రంలో గాలిమరలు పెడతారంటున్నారు. మనుషులుండని వాటికి ఇంత తతంగం ఎందుకు? (చెన్నై ఇంజనీరింగ్ విద్యార్థిని)

జవాబు: మనుషులు తక్కువే, కానీ ఒకే డిజైన్ పదుల సంఖ్యలో నిలబడుతుంది. ఒక తప్పు జరిగితే అన్నిట్లోనూ జరుగుతుంది. 2009-10 నాటికి ఉత్తర సముద్రంలో మోనోపైల్‌కీ (సముద్రం అడుగున దిగ్గొట్టిన పెద్ద ఉక్కు గొట్టం), దాని మీద తొడిగి గాలిమర స్తంభాన్ని మోసే ట్రాన్సిషన్ పీస్‌కీ మధ్యనున్న గ్రౌట్ (సిమెంటు పూత) జారి, ట్రాన్సిషన్ పీసులు కిందికి దిగాయి. నున్నటి పైపుల మధ్య గ్రౌట్ ఎంత మోస్తుందన్న అంచనాయే తప్పింది. తర్వాతి డిజైన్లు కోన్ ఆకారానికో, షియర్ కీలకో (జారకుండా పట్టే గట్లు), బోల్టు ఫ్లాంజిలకో మళ్లాయి. అందుకే వెరిఫయర్ ‘కోడ్ ప్రకారం ఉంది’ అని టిక్కు పెట్టి వెళ్లిపోకుండా, కీలకమైన జాయింట్లకు తన సొంత మోడల్‌తో లెక్క వేయాలి.

నీటికింద తుప్పు విషయం కూడా చెప్పాలి. సిల్వర్-సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో కొలిస్తే ఉక్కు మైనస్ 800 మిల్లీవోల్టులకో, ఇంకా నెగెటివ్‌గానో ఉండాలి. మైనస్ 1100 దాటితే రక్షణ మితిమీరినట్టు. రిపోర్టులో అంకె చూసి తృప్తిపడకుండా ఎక్కడ కొలిచారో అడగండి. యానోడ్ (ఉక్కును తుప్పు నుంచి కాపాడేందుకు బిగించే లోహం) పక్కన పెట్టి కొలిస్తే రీడింగు ఎప్పుడూ బాగానే వస్తుంది, యానోడ్‌కు దూరంగా ఉన్న మూల వెల్డ్ దగ్గర పెట్టమనండి.