మదర్‌బోర్డు కొనే ముందు దాని సపోర్ట్ పేజీ తెరవండి

సందేహం: గేమింగ్ పీసీకి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ఖాయం చేసుకున్నాను. మదర్‌బోర్డు దగ్గరే ఎటూ తేలడం లేదు. ఖరీదైన బోర్డు తీసుకుంటే ఎఫ్‌పీఎస్ (గేమ్‌లో సెకనుకు కనిపించే ఫ్రేముల సంఖ్య) పెరుగుతుందా?

పెరగదు. ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంది కాబట్టి సూటిగా చెప్పేస్తున్నాను. అదే ప్రాసెసర్, అదే గ్రాఫిక్స్ కార్డు, అదే ర్యామ్ పెట్టి చూస్తే మధ్యరకం బోర్డుకీ అన్నిటికంటే ఖరీదైన బోర్డుకీ గేముల్లో కంటికి ఆనే తేడా ఉండదు. ఇబ్బందల్లా కరెంటు బాగా తాగే ప్రాసెసర్‌ను మరీ చవక బోర్డు మీద కూర్చోబెడితేనే. ప్రాసెసర్‌కు కరెంటు అందించే వీఆర్‌ఎం భాగం వేడెక్కిపోయి, ప్రాసెసర్ వేగం దానంతటదే తగ్గిపోతుంది. ప్రాసెసర్ కూర్చునే సాకెట్ పక్కన ఉండే ఆ భాగాల మీద దిట్టమైన హీట్‌సింక్ ఉంటే చాలు. అట్టపెట్టె మీద వేసే ఫేజ్‌ల (ఆ కరెంటు పనిని పంచుకునే విభాగాల) లెక్కను చూసి మురిసిపోకండి. ఆ అంకెను పెంచి చూపించడం కంపెనీలకు కొత్త విద్యేమీ కాదు.

సాకెట్ సరిపోవాలన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది, వదిలేస్తున్నా. ర్యామ్ దగ్గర మాత్రం ఇంకా చాలామంది పొరబడుతున్నారు. డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ 288 పిన్నులే, పొడవూ ఒకటే, కానీ మధ్యలో గాటు వేరే చోట ఉంటుంది. ఒకదాని స్లాట్‌లో ఇంకోటి దిగదు. ఏఎండీ ప్రాసెసర్ల ఏఎం5 సాకెట్ బోర్డులన్నీ డీడీఆర్5వే. ఇంటెల్ ఎల్‌జీఏ1700 సాకెట్‌లో రెండు రకాలూ ఉన్నాయి, ఆర్డర్ పెట్టే ముందు మోడల్ పేరు చివరి అక్షరం దాకా చదవండి.

గ్రాఫిక్స్ కార్డు పెట్టే పొడవాటి స్లాట్లు రెండున్నాయని సంబరపడే వారికి ఒక పని. ఫోన్ టార్చ్ వేసి రెండో స్లాట్ లోపలికి చూడండి. ప్లాస్టిక్ ఆ చివరి దాకా ఉంటుంది, బంగారు రంగు పిన్నులు మాత్రం చాలా బోర్డుల్లో పావువంతు దగ్గరే ఆగిపోతాయి. చిన్న ఎస్‌ఎస్‌డీలు గుచ్చే ఎం.2 స్లాట్లదీ ఇదే తంతు. ఫలానా స్లాట్‌లో ఎస్‌ఎస్‌డీ పెడితే హార్డ్‌డిస్క్ కేబుల్ పెట్టే ఫలానా సాటా పోర్టులు పనిచేయవని మాన్యువల్‌లో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. కొన్నాక చదివి లాభం లేదు. మాన్యువల్ పీడీఎఫ్ ముందే దొరుకుతుంది.

నేనైతే ముందుగా ఆ మోడల్ సపోర్ట్ పేజీలో బయోస్ (పీసీ ఆన్ కాగానే ముందుగా నడిచే, బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ల తేదీలు చూస్తాను. అదే కంపెనీ నాలుగేళ్ల కిందటి బోర్డుకు ఇప్పటికీ అప్‌డేట్లు ఇస్తోందా? ఇవ్వకపోతే రేపు మీ బోర్డుకూ అదే గతి. 2023లో కొన్ని ఏఎం5 బోర్డులు ప్రాసెసర్‌కు మోతాదు మించి వోల్టేజ్ పంపి, సాకెట్‌తో సహా కాల్చేశాయి. చివరికి ప్రాసెసర్‌లో ఒక భాగానికి అందే ఎస్‌ఓసీ వోల్టేజ్ 1.3 వోల్టులు దాటకుండా బయోస్ అప్‌డేట్‌తోనే కట్టడి చేశారు. ప్రాసెసర్ లేకపోయినా పెన్‌డ్రైవ్‌తో బయోస్ ఎక్కించే బటన్ ఉన్న బోర్డయితే ఇంకా మంచిది. షాపులో ఏడాదిగా మూలుగుతున్న బోర్డు కొత్త ప్రాసెసర్‌ను గుర్తుపట్టకపోతే ఆ బటనే దిక్కు.

సందేహం: విండోస్ ఫ్రెష్‌గా ఇన్‌స్టాల్ చేశాను. నెట్ కలపగానే మదర్‌బోర్డు కంపెనీ యాప్ ఇన్‌స్టాల్ చేయమంటూ మూలన ఒక డబ్బా వస్తోంది. నేనేమీ డౌన్‌లోడ్ చేయలేదు. వైరసా?

వైరస్ కాదు, కానీ మీ అనుమానం సబబే. డిస్క్ మొత్తం తుడిచినా అది మళ్లీ వస్తుంది, ఎందుకంటే అది డిస్క్‌లో లేదు. బోర్డు మీది బయోస్ చిప్‌లో ఉంది. విండోస్ బూట్ అయ్యేటప్పుడు బయోస్ ఒక చిన్న ప్రోగ్రామ్‌ను చేతికిస్తే, విండోస్ మారుమాట లేకుండా నడిపేస్తుంది. డబ్ల్యూపీబీటీ అనే ఈ ఏర్పాటు విండోస్ 8 నాటి నుంచీ ఉంది. దొంగతనం జరిగినా చెరిగిపోని భద్రతా సాఫ్ట్‌వేర్ లాంటి వాటి కోసం తెచ్చిన దారిలో ఇప్పుడు లైట్ల రంగులు మార్చే యాప్‌లు వస్తున్నాయి.

నాకు టెన్షన్ ఇక్కడే. 2023లో ఒక కంపెనీకి చెందిన వందల మోడళ్లలో ఇలాంటి అప్‌డేటర్‌ను పరిశోధకులు పట్టుకున్నారు. అది ఎన్‌క్రిప్షన్ లేని మామూలు హెచ్‌టీటీపీ మీద కూడా ఫైళ్లు తెచ్చుకుని నడిపేస్తోంది. మధ్యలో ఎవరైనా వైఫైని చేజిక్కించుకుంటే వాళ్ల ఫైలే మీ పీసీలోకి దిగుతుంది. అదే ఏడాది మొదట్లో ఇంకో కంపెనీ బోర్డుల బాగోతం బయటపడింది. నమ్మకమైన డిజిటల్ సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే బూట్‌లో నడవనిచ్చే సెక్యూర్ బూట్ ఆన్ అని చూపిస్తూనే, సంతకం సరిపోకపోయినా నడిపేయమనే సెట్టింగ్‌ను డీఫాల్ట్‌గా పెట్టారు. తలుపుకు తాళం వేలాడదీసి గడియ పెట్టకపోవడం అన్నమాట. 2024లో మరీ విచిత్రం. సెక్యూర్ బూట్‌కు మూలమైన తాళంచెవి స్థానంలో, ‘నమ్మవద్దు’ అని ఇంగ్లిష్‌లో స్పష్టంగా రాసి ఉన్న పరీక్షా కీనే పలు కంపెనీల వందల మోడళ్లలో అలాగే ఉంచి అమ్మేశారు. రాసినవాడు చెప్పాడు, వాడినవాడు చదవలేదు.

మీరు చేయాల్సింది ఇంతే. బయోస్‌లోకి వెళ్లి యుటిలిటీ డౌన్‌లోడ్ లేదా ఆటో ఇన్‌స్టాల్ లాంటి పేరుతో ఉన్న సెట్టింగ్‌ను ఆఫ్ చేయండి. ఆ తర్వాతే విండోస్‌లో యాప్ తీసేయండి, వరస మారితే అది మళ్లీ తిరిగొస్తుంది. డ్రైవర్లు, బయోస్ కంపెనీ సైట్ నుంచి మాత్రమే తెచ్చుకోండి. ఒక్క క్లిక్‌తో డ్రైవర్లన్నీ అప్‌డేట్ చేస్తామనే ఉచిత సాఫ్ట్‌వేర్లు వేసుకుని, తర్వాత నాకు ఉత్తరం రాస్తే నేను చేయగలిగింది తక్కువ.

అన్నట్టు బయోస్ అప్‌డేట్ పక్కన ‘స్టెబిలిటీ మెరుగుపరిచాం’ అని ఒక్క ముక్క రాసి ఊరుకునే అలవాటు ఎప్పుడు పోతుందో! లోపల పూడ్చింది ఏ కన్నమో చెప్పకపోతే, అర్జెంటుగా వేసుకోవాలో ఆగవచ్చో జనానికి ఎలా తెలుస్తుంది? బయోస్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు మూలపడే ప్రమాదం ఉంది. అంత రిస్కు తీసుకోమని అడిగేవాళ్లు కారణం నాలుగు వాక్యాల్లో చెప్పలేరా?

సందేహం: కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టినా గేములు పాత పీసీలాగే నత్తనడక నడుస్తున్నాయి. బోర్డు పాడైందా?

మానిటర్ కేబుల్ ఎక్కడ గుచ్చారు? పైన యూఎస్‌బీ పోర్టుల పక్కనైతే అది బోర్డుది. తీసి కిందనున్న గ్రాఫిక్స్ కార్డుకు పెట్టండి. అప్పటికీ అలాగే ఉంటే మళ్లీ రాయండి.