పిల్లలు: ఎప్పుడు? ఎందరు? అసలు కావాలా?

ఈ నెల ఉత్తరాల్లో చాలావాటిది ఒకే చిక్కు: బిడ్డను కనాలా వద్దా, కనాలంటే ముందుగా ఏమేం చూసుకోవాలి? నెల తప్పాకే డాక్టర్ దగ్గరికి వెళ్లడం మనకు అలవాటు. చేయాల్సిన పనుల్లో సగం మాత్రం అంతకు ముందువే. ఐదు ఉత్తరాలకు ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: నాకు 29, ఆయనకు 32. పెళ్లయి రెండేళ్లు. నా జీతం 60 వేలు, ఆయనది 75 వేలు. ఇంటి లోన్ ఈఎంఐ 46 వేలు, 20 ఏళ్లకు తీసుకున్నాం. లోన్ కాస్త తగ్గాక, ఓ మూడేళ్లకు ఆలోచిద్దామనుకుంటున్నాం. పండక్కి వెళ్లిన ప్రతిసారీ అత్తగారు "విశేషమేమైనా ఉందా" అంటున్నారు. ఆగితే ఇబ్బందా? - ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: అత్తగారి ప్రశ్న పక్కన పెట్టి, ముందు మీరిద్దరూ ఒక అంకె అనుకోండి. ఒక్కరు చాలా, ఇద్దరు కావాలా? గడువు దాన్నిబట్టే ఉంటుంది. మూడేళ్లు ఆగితే మీకు 32. ప్రయత్నించే జంటల్లో వందకు 80-85 మందికి ఏడాదిలోపు గర్భం నిలుస్తుంది. అంటే కాన్పు నాటికి మీకు 33 లేదా 34. ఆ తర్వాత కనీసం 18 నెలలు, వీలైతే రెండేళ్లు ఎడం ఉండాలి కాబట్టి రెండో ప్రయత్నానికి 35, 36 వచ్చేస్తాయి. ఆడవాళ్లలో గర్భం నిలిచే అవకాశం 32 ప్రాంతం నుంచి మెల్లగా తగ్గుతూ, 37 దాటాక గబగబా పడిపోతుంది. ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ పద్ధతి) అవసరం లేకుండా నూటికి 90 వంతుల అవకాశం కావాలంటే ఒక్క బిడ్డకైతే 32లోపు, ఇద్దరికైతే 27లోపు ప్రయత్నం మొదలుకావాలని 2015లో నెదర్లాండ్స్ పరిశోధకులు లెక్కగట్టారు. 27 దాటితే పిల్లలు పుట్టరని దానర్థం కాదు, ఆ 90 కొంత తగ్గుతుందంతే. ఒక్కరు చాలనుకుంటే మీకు తొందరేమీ లేదు. ఇద్దరు కావాలంటే మాత్రం మూడేళ్లు ఆగడం మంచిది కాదు.

లోన్ సంగతి. ఎనిమిదిన్నర శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుంటే మీ ఈఎంఐకి అసలు 53 లక్షల దాకా ఉంటుంది. మొదటి మూడేళ్లలో మీరు కట్టేది 16 లక్షల 56 వేలు, అందులో అసలు తగ్గేది మూడున్నర లక్షలే. నెలవారీ వాయిదా అప్పటికీ అదే 46 వేలు. కాబట్టి "లోన్ తగ్గాక" అన్నది మంచి కొలబద్ద కాదు. మంచి కొలబద్ద ఏమిటంటే, ఆయన జీతంలో ఈఎంఐ పోను మిగిలే 29 వేలతో ఇల్లు నడుస్తుందా? వచ్చే నెల నుంచి మూడు నెలలు మీ జీతం మొత్తం వేరే ఖాతాలో వేసి చూడండి. నడిస్తే లక్షా 80 వేలు చేతిలో ఉంటాయి, కాన్పు ఖర్చుకు అదే నిధి. నడవకపోతే ఎక్కడ ఆగిందో రాసుకోండి. లోన్ గడువు పెంచి వాయిదా తగ్గించుకోవడమా, కారు వాయిదా లాంటివి ఉంటే ముందు తీర్చేయడమా అన్నది అప్పుడు తేలుతుంది.

ఇన్సూరెన్స్‌లో చాలామంది దెబ్బతింటారు. సొంతంగా కొన్న పాలసీల్లో కాన్పు ఖర్చుకు నిరీక్షణ కాలం ఉంటుంది, చాలావాటిలో రెండు నుంచి నాలుగేళ్లు. నెల తప్పాక కొంటే ఆ కాన్పుకు పనికిరాదు. కంపెనీ గ్రూప్ పాలసీ ఉంటే హెచ్ఆర్‌ను మూడు విషయాలు అడగండి: కాన్పుకు గరిష్ఠంగా ఎంత ఇస్తారు, బిడ్డకు మొదటి రోజు నుంచీ వర్తిస్తుందా, బిడ్డ పేరు ఎన్ని రోజుల్లో చేర్పించాలి? ఆస్పత్రి చెప్పే ప్యాకేజీలో ఎన్ఐసీయూ (పసిబిడ్డల ఐసీయూ) సాధారణంగా ఉండదు, దానికి రోజుల లెక్కన విడిగా బిల్లు వేస్తారు. ముందే అడిగి రాయించుకోండి.

ప్రసూతి సెలవు మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాలు, జీతంతో. అయితే కాన్పు తేదీకి ముందరి 12 నెలల్లో ఆ సంస్థలో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. గర్భంతో ఉండగా ఉద్యోగం మారేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు.

ప్రయత్నానికి మూడు నెలల ముందు ఇద్దరూ డాక్టర్‌ను కలవండి. మీకు హిమోగ్లోబిన్, బ్లడ్ గ్రూప్, షుగర్, థైరాయిడ్, రుబెల్లా యాంటీబాడీ పరీక్షలు, ఇద్దరికీ హెచ్ఐవీ, హెపటైటిస్-బి. రుబెల్లా రక్షణ లేదని తేలితే ఎంఎంఆర్ టీకా వేయించుకుని నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి. ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు అప్పటి నుంచే మొదలుపెట్టండి. బిడ్డ వెన్నుపాముగా మారే గొట్టం గర్భం నిలిచిన 28 రోజులకే మూసుకుంటుంది, అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదు. మందుల షాపులో అడిగితే తరచుగా 5 మిల్లీగ్రాముల బిళ్ల చేతిలో పెడతారు. అది మూర్ఛ మందులు వాడేవాళ్లకు, ఇంతకుముందు వెన్నెముక లోపంతో బిడ్డ పుట్టినవాళ్లకు ఇచ్చే మోతాదు. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ వాడుతుంటే కనీసం నెల ముందే మానాలి. మూర్ఛ, బీపీ మందులు మాత్రం సొంతంగా ఆపేయకండి, డాక్టరే మార్చాలి.

ఏఎంహెచ్ (అండాల నిల్వను సూచించే హార్మోన్) పరీక్ష చేసి "అండాలు తగ్గిపోతున్నాయి, త్వరపడండి" అంటూ అమ్మే ప్యాకేజీలు ఇప్పుడు ఎక్కువయ్యాయి. మామూలుగా గర్భం వస్తుందో రాదో ఆ అంకె చెప్పదు. ఐవీఎఫ్ చేస్తే ఎన్ని అండాలు దొరకొచ్చో చెప్పడానికి పనికొస్తుంది.

మీ ఆయనకూ పని ఉంది. వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి సిగరెట్, గుట్కా ఇవాళ మానితే ఫలితం మూడో నెలకు కనిపిస్తుంది. జిమ్‌లో కండల కోసం టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు తీసుకుంటుంటే వీర్యకణాలు దాదాపు సున్నాకు పడిపోవచ్చు. మానాక కోలుకోవడానికి నెలలు పడుతుంది.

ప్రశ్న: నాకు మా మేనమామతో పెళ్లైంది. మా అమ్మమ్మది, అమ్మది కూడా మేనరికమే, ఎవరికీ ఏ లోపమూ లేదు. మా డాక్టరమ్మ మాత్రం పరీక్షలు చేయించుకోమంటున్నారు. నిజంగా అవసరమా? - ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అవసరమే. ఏ జంటకైనా పుట్టుకతో పెద్ద లోపం ఉన్న బిడ్డ కలిగే అవకాశం నూటికి రెండు మూడు. బావామరదళ్ల పెళ్లిలో ఇది ఇంకో రెండు మూడు పెరుగుతుంది. మేనమామ, మేనకోడలికి జన్యువుల్లో నాలుగో వంతు ఉమ్మడి, బావామరదళ్లకు ఎనిమిదో వంతు. అందుకే మీకు అంతకన్నా ఎక్కువ. "ఎవరికీ ఏమీ కాలేదు" అన్నది ధైర్యం చెప్పుకోవడానికి బాగుంటుంది, కానీ లోపమున్న జన్యువు ఒక్కటే ఉన్నవాళ్లకు ఏ లక్షణమూ కనిపించదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ అదే జన్యువు వచ్చినప్పుడే జబ్బు బయటపడుతుంది. పైగా తరతరాలుగా మేనరికాలే అయితే ఉమ్మడి వాటా లెక్కకన్నా ఎక్కువే ఉంటుంది.

డాక్టర్‌ దగ్గరికి వెళ్లేముందు అమ్మమ్మను కూర్చోబెట్టి మూడు తరాల చిట్టా రాయండి. పసితనంలో పోయిన పిల్లలు, చెవుడు, ఫిట్స్, నడక రానివాళ్లు, పదేపదే పోయిన గర్భాలు అన్నీ. "అది దిష్టి వల్ల", "జ్వరమొచ్చి పోయాడు" అని కొట్టిపారేసేవే పనికొచ్చే సమాచారం. చిన్నప్పుడే పోయిన పెదనాన్నను లెక్కలోంచి తీసేయకండి.

మొదటి పరీక్ష ఖరీదైనదేం కాదు. ఇద్దరికీ సీబీసీ (రక్తకణాల లెక్క), హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాలను కొలిచే పరీక్ష). హిమోగ్లోబిన్ ఏ2 మూడున్నర శాతం దాటితే తలసీమియా (హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని వంశపారంపర్య జబ్బు) క్యారియర్, అంటే జబ్బు లేకుండా ఆ జన్యువు ఒక్కటే ఉన్నవారు అని అనుమానిస్తారు. ఐరన్ తక్కువగా ఉంటే ఈ అంకె కిందికి కనిపించి మోసం చేయొచ్చు, కాబట్టి రక్తహీనత ఉంటే అది సరిచేసుకుని మళ్లీ చూడాలి. ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి గర్భంలోనూ నాలుగింట ఒక వంతు జబ్బు అవకాశం. "ఒకసారి వచ్చింది కదా, ఇక మూడుసార్లు రాదు" అన్న లెక్క తప్పు. 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించి, బిడ్డకు జబ్బు ఉందో లేదో చెప్పగలరు. అందుకే ఆరో నెలలో కాకుండా, గర్భానికి ముందే వెళ్లమంటున్నారు. మిగతా జన్యు పరీక్షల్లో ఏవి కావాలో చిట్టా చూసి జెనెటిక్ కౌన్సెలర్ చెబుతారు. హైదరాబాద్‌లో నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది.

ప్రశ్న: నాకు 33, ఆమెకు 31. పిల్లలు వద్దని నా భార్య గట్టిగా అంటోంది. నాకు కావాలి. "ఒక్కసారి పుడితే తనే మారుతుంది" అంటోంది మా అమ్మ. - ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: అమ్మగారి సలహా వద్దు. ఆమె మారకపోతే ఆ భారం మోయాల్సింది పుట్టిన బిడ్డ. ఆమెకు తెలియకుండా కండోమ్ విషయంలో, మాత్రల విషయంలో ఏమార్చడం మోసం. ఇంకో మాట, గర్భం ఉంచుకోవాలా వద్దా అన్నదానికి 18 నిండిన స్త్రీకి చట్టపరంగా తన సమ్మతి చాలు, భర్త సంతకం అక్కర్లేదు.

"వద్దు" అన్న మాట వెనుక ఏముందో విడదీయండి. కాన్పు భయమా, ఉద్యోగం పోతుందనా, తన తల్లి పడ్డ పాట్లు చూసిందా, లేక నిజంగా పిల్లల మీద ఆసక్తే లేదా? మొదటి రెండింటికి దారులున్నాయి. చివరిదానికి లేవు, ఉండాల్సిన పనీ లేదు. అలాగే మీకెందుకు కావాలో మీరూ రాయండి. "వంశం", "ముసలితనంలో చూసుకోవడానికి" అని మాత్రమే వస్తే, మీకు కావాల్సింది బిడ్డ కాదు, బీమా.

ఇంకో కాగితం మీద 24 గంటలు గీయండి. పుట్టిన బిడ్డకు రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు పట్టాలి, అంటే రాత్రి 11కు, ఒంటిగంటకు, మూడున్నరకు. పాలిచ్చేది ఆమె అయితే త్రేన్పించేది, తడిగుడ్డ మార్చేది, తెల్లారి టిఫిన్ చేసేది ఎవరు? ప్రైవేటు ఉద్యోగాల్లో తండ్రికి సెలవు చట్టం లేదు, మీ కంపెనీ ఎన్ని రోజులిస్తుందో కనుక్కుని రాయండి. టీకాల రోజుకు సెలవు పెట్టేది ఎవరో కూడా. మీ పేరు ఎన్ని గడుల్లో పడిందో చూసుకుంటే, ఆమె "వద్దు"లో కొంత అర్థమవుతుంది.

ఆరు నెలలు గడువు పెట్టుకుని, అప్పటిదాకా ఈ సంగతి ఎత్తకండి. ఈలోపు నమ్మకమైన పద్ధతి వాడండి. కాపర్-టి 380ఎ పదేళ్లు పనిచేస్తుంది, ఎప్పుడు తీయించినా గర్భం రావచ్చు. ఛాయ మాత్రలైతే మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాతే వారానికి ఒకటి. మొదటి నుంచే వారానికి ఒకటి వేసుకుని గర్భం వచ్చిందని వాపోయేవాళ్లున్నారు. ఇద్దరూ వద్దనే తేల్చుకున్నా ఆపరేషన్‌కు తొందరపడకండి. ఏడాది దాటిన బిడ్డ కనీసం ఒక్కరైనా ఉన్నవాళ్లకే ప్రభుత్వ కార్యక్రమంలో చేస్తారు. గడువు తర్వాత కూడా ఆమె వద్దని, మీరు కావాలని నిలబడితే, ఎవరో ఒకరు సర్దుకోవడం కన్నా విడిపోవడం గురించి మాట్లాడుకోవడం నిజాయితీ.

ప్రశ్న: గర్భం రాకుండా వేయించుకునే అంతర ఇంజెక్షన్ మానేసి నాలుగు నెలలైంది. నెలసరి ఇంకా సరిగా రావడం లేదు, గర్భం రాలేదు. భయమేస్తోంది. - ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: ఇది మామూలే. చివరి ఇంజెక్షన్ తర్వాత గర్భం నిలవడానికి సాధారణంగా 7 నుంచి 10 నెలలు పడుతుంది. ముందే గర్భ పరీక్ష ఒకటి చేసుకోండి. మీ వయసు 35లోపయితే ఏడాది, దాటితే ఆరు నెలలు ప్రయత్నించాక డాక్టర్‌ను కలవండి. మొదట చేయించాల్సింది మీవారి వీర్య పరీక్ష, రెండు నుంచి ఏడు రోజులు కలయిక లేకుండా ఉన్నాక. అది వదిలేసి భార్యకే స్కాన్ మీద స్కాన్ చేయించే కుటుంబాలు కోకొల్లలు.

ప్రశ్న: మాకిద్దరు ఆడపిల్లలు, రెండూ సిజేరియన్లే. ఇద్దరికి మించి ఉంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదన్న రూలు కూడా పోయింది, మూడోది కందామంటున్నారు మావారు. - ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: ఆ నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఎత్తేసిన మాట నిజమే. రాష్ట్రంలో స్త్రీకి సగటున ఇద్దరికన్నా తక్కువ మంది పిల్లలే పుడుతున్నారన్న ఆందోళన దాని వెనుక ఉంది. ఆ సగటును సరిచేయడం మీ గర్భాశయం పని కాదు. కొడుకు కోసమే అయితే ముందుగా తెలుసుకోవడం నేరం, పుట్టేది మళ్లీ అమ్మాయే కావడానికి దాదాపు సగం అవకాశం ఉంది. అప్పుడు నాలుగోదా?

మీకు మీరుగా కావాలనుకుంటే మాత్రం ఇవి చూడండి. సిజేరియన్లు పెరిగేకొద్దీ మాయ పాత కుట్టు దగ్గర అతుక్కుపోయే ప్రమాదం పెరుగుతుంది, అలాంటప్పుడు కాన్పులో రక్తం విపరీతంగా పోయి గర్భసంచి తీసేయాల్సి రావచ్చు. రెండు కాన్పుల డిశ్చార్జ్ సమ్మరీలు వెతికి డాక్టర్‌కు చూపించండి. గర్భం వస్తే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య స్కాన్ చేయించి గర్భం కుట్టు మీద నిలవలేదని తేల్చుకోండి, బ్లడ్ బ్యాంక్ ఉన్న ఆస్పత్రిలోనే కాన్పు పెట్టుకోండి. మీరు ప్రైవేటు ఉద్యోగం చేస్తుంటే మూడో కాన్పుకు జీతంతో సెలవు 26 కాదు, 12 వారాలే.