అలమరలో 19 యుద్ధనౌకలు, బ్యాంకులో 20 రోజుల ఖర్చు

ప్రశ్న: నాకు 36 ఏళ్లు, ప్రైవేటు ఉద్యోగం. భార్య, ఆరేళ్ల పాప, సంపాదించేది నేనొక్కడినే. జీతంలో 60 శాతం ఇంటి ఖర్చులకు పోతుంది. 10 శాతం చొప్పున రెండు ఈఎంఐలు ఉన్నాయి, ఒకటి ఏడు నెలల్లో, రెండోది 11 నెలల్లో తీరిపోతాయి. యుద్ధనౌకల స్కేల్ మోడల్స్ (అసలు ఓడ కొలతల్ని తగ్గించి చేసే ప్లాస్టిక్ నమూనాలు) చేయడం నా హాబీ. ఇప్పుడు రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్ 1/200 కిట్ (అసలు ఓడలో 200వ వంతు, విడి భాగాలు అతికించి చేసేది), దానికి చెక్క డెక్, ఫోటో ఎచ్ సెట్ (రెయిలింగ్ లాంటి సన్నని లోహపు ముక్కల షీట్లు), ఇత్తడి బ్యారెల్స్ (ఫిరంగి గొట్టాలు), వీటితోపాటు రంగు చిమ్మడానికి కొత్త ఎయిర్‌బ్రష్, కంప్రెసర్, స్ప్రే బూత్ (రంగు ఆవిరిని బయటికి లాగే పెట్టె) తీసుకోవాలని ఉంది. మొత్తం నెలన్నర జీతం. క్రెడిట్ కార్డు మీద 18 నెలల ఈఎంఐ పెట్టి, తయారైన మోడల్ అమ్మి, తర్వాత ఆర్డర్లు తీసుకుని తీర్చేద్దామనుకుంటున్నా. సేవింగ్స్ ఖాతాలో 20 రోజుల ఖర్చుకు సరిపడా ఉంది. అయితే అలమరలో తెరవని కిట్లు 19 ఉన్నాయి, పాత కిట్ల రేటు పెరుగుతుంది కాబట్టి అదీ పొదుపే కదా?

జవాబు: కాదండీ, పొదుపు కాదు. మీ ఉత్తరానికి ప్రత్యేకంగా జవాబు రాయడానికి కారణం కూడా ఆ చివరి వాక్యమే. కెమెరా లెన్సులు, గిటార్లు, వాచీలు, స్నీకర్లు, వస్తువు ఏదైనా సరే, కొనుక్కున్నదాన్ని ఆస్తి లెక్కలో వేసి బ్యాంకు ఖాతా ఖాళీగా ఉంచేవాళ్లు నాకు తరచుగా తగులుతుంటారు.

పాత కిట్ రేటు పెరిగేది అది మార్కెట్లో దొరకనంత కాలమే. అచ్చులు కంపెనీ దగ్గరే ఉంటాయి. రేపు అదే కిట్‌ని కొత్త బాక్సులో మళ్లీ విడుదల చేస్తే మీ అలమరలో ఉన్నదాని రేటు దిగిపోతుంది, లేదంటే ఇంకో కంపెనీ అంతకంటే మంచి అచ్చుతో అదే నౌకను తెస్తుంది. ఈలోపు బాక్సులో డెకాల్స్ (ఓడ మీద అతికించే గుర్తుల స్టిక్కర్లు) పసుపెక్కుతుంటాయి. ఇవన్నీ పక్కన పెట్టినా, పాపను రాత్రి పదకొండింటికి ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే 1/350 క్రూజర్ని ఎవరికి అమ్ముతారు? అడిగిన రేటుకు కొనేవాడు దొరకడానికి నెల పట్టొచ్చు, తొందరలో ఉన్నారని తెలిస్తే సగానికే అడుగుతాడు. అత్యవసర నిధి అంటే అదే రోజు చేతికి అందే డబ్బు, అంతే.

ఇక ఆ ఈఎంఐ సంగతి. ఏడాదికి 15 శాతం వడ్డీ అనుకున్నా నెలకు మీ జీతంలో 9 శాతం పైనే కట్టాలి. ఇప్పటికే 80 శాతం పోతోంది, అంటే దాదాపు 90కి చేరుతుంది. చేతిలో 20 రోజుల డబ్బు, ఒక్కటే జీతం. రెండు నెలలు ఉద్యోగం లేకపోతే ఆ బకాయి మామూలు కార్డు వడ్డీలోకి పోతుంది, నెలకు 3 శాతమే కదా అనిపిస్తుంది గానీ చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటుతుంది. ప్లాస్టిక్ ఓడ కోసం ఇంత రిస్కా? సరదా కోసం కార్డు గీకి, ఆ సరదాయే అప్పు తీరుస్తుందని చెప్పేవాళ్లతో నాకు ఓపిక తక్కువ, కటువుగా ఉంటే ఏమీ అనుకోకండి.

అమ్మి తీరుస్తానంటున్నారు కదా, గంటలు లెక్కేశారా? రెయిలింగ్ ఒక్కటే తీసుకోండి. ఎచ్ షీట్ నుంచి కత్తిరించాలి, అంచు వంపుకి తగ్గట్టు మెల్లగా వంచాలి, సూది మొనతో సూపర్ గ్లూ చుక్క పెట్టాలి, ట్వీజర్స్ కాస్త గట్టిగా నొక్కితే ముక్క ఎగిరి ఎక్కడో పడుతుంది, ఇక అరగంట నేల మీద వెతుకులాట. బిస్మార్క్ పొడవు 251 మీటర్లు, 1/200లో అది మీటరుంపావు ఓడ, అంత పొడవునా రెండు పక్కలా ఇదే పని. తర్వాత ప్రైమర్, రంగులు, నీడలు తేలడానికి పలచటి రంగు వాష్‌లు, లంగరు గొలుసు రంధ్రం కింద ఆయిల్ పెయింట్ చుక్క పెట్టి, థిన్నర్‌తో తడిసీ తడవని బ్రష్‌తో కిందికి లాగి తుప్పు చార వేయడం, పైన మ్యాట్ వార్నిష్. 400 గంటలు పట్టిందనుకోండి, వచ్చిన రేటులోంచి ఖర్చులు తీసేసి 400తో భాగించి చూడండి. పైగా దాన్ని రెయిలింగ్ విరగకుండా కొన్నవాళ్ల ఇంటికి పంపించాలి. ఆర్డర్లు వస్తే సంతోషం, రాకముందే వాటి మీద అప్పు చేయొద్దు.

(అన్నట్టు, బిస్మార్క్ 1940 ఆగస్టులో కొలువులో చేరి 1941 మే 27న మునిగిపోయింది. తొమ్మిది నెలల ఓడ. తుప్పు కాస్త చూసి వేయండి.)

సరే, ఏం చేయాలి? మీ చేతిలో మిగులుతున్న 20 శాతంలో 5 హాబీకి ఉంచుకోండి, మానేయమని నేను చెప్పను. 15 శాతం జీతం పడిన రోజే వేరే ఖాతాలోకి వెళ్లిపోవాలి, ఆ ఖాతా కార్డు పర్సులో ఉండకూడదు. ఏడో నెల తర్వాత తీరిన ఈఎంఐ డబ్బు కూడా అందులోకే, 11వ నెల తర్వాత రెండోదీ అందులోకే. ఇప్పుడున్న 20 రోజుల డబ్బు కలుపుకుని లెక్కేస్తే 15వ నెలకల్లా ఆరు నెలల ఇంటి ఖర్చు జమవుతుంది. మీరు అడిగిన ఈఎంఐ ఆ రోజుకి ఇంకా తీరదు, గమనించారా? అక్కడి నుంచి మూడు నెలలు అదే డబ్బు, నెలకు 35 శాతం, పక్కన పెడితే జీతంలో 105 శాతం. హాబీ వాటాలో సగం రంగులకీ జిగురుకీ పోయినా మిగతా సగం 18 నెలల్లో 45 శాతం. రెండూ కలిపితే సరిగ్గా నెలన్నర జీతం, అంటే 18వ నెలలో బిస్మార్క్‌ని కంప్రెసర్‌తో సహా నగదు పెట్టి కొనుక్కోవచ్చు, వడ్డీ లేదు.

ఈ మధ్యలో జీతం పెరిగినా, బోనస్ వచ్చినా ముందు నిధికే. ఒకవేళ అందులోంచి తీయాల్సి వస్తే మళ్లీ నిండేదాకా కొత్త బాక్సు కొనకండి. "లిమిటెడ్ స్టాక్, ఇంకెప్పుడూ రాదు" అనేది అత్యవసరం కిందికి రాదు, ముందే చెబుతున్నా.

టర్మ్ పాలసీ, కుటుంబానికి ఆరోగ్య బీమా ఉన్నాయో లేదో రాయలేదు. లేకపోతే ఆ 15 శాతంలోంచే ఈ నెలలో తీసుకోండి, నిధి ఒకట్రెండు నెలలు ఆలస్యమైనా పర్లేదు. షేర్లు, ఫండ్లు నిధి నిండాక మాట్లాడుకుందాం. స్ప్రే బూత్ వచ్చేదాకా కిటికీ తెరిచి, ద్రావకాల ఆవిరిని ఆపే మాస్క్ పెట్టుకోండి, అది హాబీ 5 శాతంలో మొదటి కొనుగోలు.

ఆ 19లో ఎన్నటికీ చేయరని మీకే తెలిసినవి నాలుగైదు ఉంటాయి. డెకాల్స్ బాగున్నప్పుడే, తొందర లేనప్పుడే వాటిని అమ్మేసి వచ్చింది నిధిలో వేయండి. మిగతావాటిలో ఒకటి తెరిచి పని మొదలుపెట్టండి, 18 నెలలకు సరిపడా పని అందులోనే ఉంది.